మంత్రివర్గమా? సచివమండలియా?

సందేహం: దక్షిణాఫ్రికాలో డర్బన్ పక్కన చాట్స్‌వర్త్‌లో ఉంటాను. మా తెలుగు తరగతి పిల్లల కోసం 2024 ఎన్నికల తర్వాత మా క్వాజులు-నటాల్ రాష్ట్రంలో ఏర్పడిన ప్రభుత్వం గురించి చిన్న పాఠం రాశాను. 'కొత్త మంత్రివర్గం ప్రమాణ స్వీకారం చేసింది' అన్న వాక్యం దగ్గర మా అన్నగారు అడ్డుపడ్డారు. 'వర్గం' అనే మాట ఉండకూడదని ఆయన పట్టు. గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఇల్లు పోగొట్టుకుని ఇక్కడికి వచ్చిన కుటుంబం మాది. 'గ్రూప్' అన్నా, 'వర్గం' అన్నా ఆయన చెవికి ఒకటే. ఇక్కడ వాటిని ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ అని, అందులో వాళ్ళను ఎం.ఈ.సి.లు అని అంటారు. మంత్రివర్గం అనాలా, మంత్రిమండలి అనాలా, కార్యనిర్వాహక మండలి అనాలా? మాది 'బహుజాతి ప్రజాస్వామ్యం' అని రాయవచ్చా?

సమాధానం: ముందుగా మీ అన్నగారికి నా నమస్కారం చెప్పండి. మాటను నిఘంటువులో చూసేవాళ్ళు చాలామంది ఉంటారు. బతుకులో విన్నవాళ్ళు తక్కువ. ఆయన రెండో కోవకు చెందినవారు.

అయినా 'వర్గం' తరఫున రెండు మాటలు చెప్పక తప్పదు. క-వర్గం, చ-వర్గం అని అక్షరాలు దిద్దుకున్న రోజు నుంచీ అది మనకు ఇంటి మాట. ఒక తీరువాళ్ళను ఒకచోట చేర్చి చెప్పడమే దాని పని. బంధువర్గం, పరిజనవర్గం వంటి మాటల్లో అది బహుత్వాన్ని తప్ప మరొకటి చెప్పదు. మంత్రివర్గం కూడా ఆ అచ్చులో పోసిందే. దాన్ని చేదు చేసింది మన పత్రికలు. 'ఫలానావారి వర్గం', 'వర్గపోరు', 'వైరి వర్గం' అని రోజూ రాసి రాసి, వర్గమంటే ముఠా అనే స్థితికి తెచ్చారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం మనుషులను జాతుల లెక్కన విడదీసి, ఎవరు ఎక్కడ ఉండాలో గీతలు గీసింది. ఆ 'గ్రూప్'ను తెలుగులోకి తెస్తే వర్గమే అవుతుంది మరి. కాబట్టి 'మంత్రివర్గం' వ్యాకరణరీత్యా తప్పు కాకపోయినా మీ ఊళ్ళో, మీ పిల్లల పాఠంలో దాన్ని పక్కన పెట్టడానికి మీ అన్నగారి కారణం చాలు. మండలి అనండి. మండలమంటే వలయం. వలయంగా కూర్చున్నవాళ్ళలో ముందువాడూ వెనకవాడూ ఉండరు.

మండలి సరే, ఎవరి మండలి? మీ ప్రశ్నలో అసలు పట్టు అక్కడుంది. ఇన్నేళ్ళుగా నేను చెప్పాలనుకుంటున్న మాటకు మీరు దారి ఇచ్చారు.

మా చిన్నతనంలో అరుగు మీద కూర్చోబెట్టి అమరం, అంటే అమరసింహుడి సంస్కృత నిఘంటువు, వల్లె వేయించేవారు. రెండో కాండ, క్షత్రియవర్గం. 'మంత్రీ ధీసచివోఽమాత్యోఽన్యే కర్మసచివాస్తతః' అన్న చోట మా గురువుగారు ఆపారు. వీధిలో కరణంగారు కవిలకట్ట చంకన పెట్టుకుని, చెప్పుల చప్పుడుతో శిస్తు వసూలుకు పోతున్నారు. 'అదుగో, కర్మసచివుడు!' అన్నారు గురువుగారు. కరణంగారు ఒక్క క్షణం నిలబడి, తనను పిలిచారేమోనని మా వైపు చూసి వెళ్ళిపోయారు. ఆ కవిలకట్టకు చుట్టిన ఎర్రగుడ్డ నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. అమరసింహుడు ఆ అరశ్లోకంలో ఎంత కొలిచి పెట్టాడో తెలియడానికి నాకు మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆయన చెప్పిందేమిటి? సచివులు రెండు రకాలు. బుద్ధితో తోడ్పడేవాడు ధీసచివుడు; అతనికే మంత్రి అనీ అమాత్యుడనీ పేర్లు. తక్కినవాళ్ళు పనిలో తోడ్పడే కర్మసచివులు. అంటే సచివుడు పెద్ద మాట, మంత్రి అందులో ఒక పాయ. మంత్రికి మూలమైన 'మంత్రం' అర్థాన్ని కూడా అమరుడే నానార్థాల్లో చెప్పాడు: వేదభాగమొకటి, గుప్తవాదం రెండోది. నలుగురికీ వినబడకుండా చేసే ఆలోచన అన్నమాట. అది చెప్పేవాడు మంత్రి. చెయ్యడం అతని పేరులో లేదు.

ఇప్పుడు మీ రాజ్యాంగం తీయండి. రెండో షెడ్యూలులో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ సభ్యుడు న్యాయమూర్తి ఎదుట పలికే ప్రమాణం ఉంది. విధేయత మాటలు అయ్యాక అందులో మూడు ముక్కలు వస్తాయి. నిజాయతీ, నమ్మకం గల ఆలోచనకర్తగా ఉంటానన్నది ఒకటి. నాకు అప్పగించిన రహస్యాన్ని సూటిగా గానీ చాటుగా గానీ బయటపెట్టనన్నది మరొకటి. నా పదవికి చెందిన పనులను అంతరాత్మ సాక్షిగా, శక్తివంచన లేకుండా చేస్తానన్నది మూడోది. మొదటిది ధీసచివుడి మాట, రెండోది మంత్రమనే గుప్తవాదం, మూడోది కర్మసచివుడి మాట. ఎన్ని వందల ఏళ్ళ దూరం, ఎన్ని సముద్రాల ఎడం! ఆ షెడ్యూలు రాసినవాళ్ళు అమరం చదివి ఉండరు. పాలకుడి పక్కన నిలబడే మనిషి నుంచి ఏం కోరాలో ఎక్కడైనా మనుషులకు ఒకేలా తోస్తుందని నేను అనుకుంటాను. ఆ మూడు ముక్కలనూ ఒక్క మాటలో మోయగలిగింది 'సచివుడు'.

దాని పుట్టుక చూస్తే నా మాట మీకు ఇంకా నచ్చుతుంది. ధాతుపాఠంలో 'షచ సమవాయే' అని ఉంది. సమవాయమంటే కలిసి ఉండడం, ఒకటిగా కూడడం. ఆ ధాతువు నుంచి వచ్చినవాడు సచివుడు. 'మంత్రీ సహాయః సచివౌ' అని అమరం మరోచోట అంటుంది. మంత్రి, తోడు, రెండు అర్థాలూ ఆ మాటవే. అమాత్యుడికీ ఇలాంటి చరిత్రే ఉంది. 'అమా' అంటే కూడా, దగ్గర. సూర్యుడూ చంద్రుడూ ఒకచోట వసించే రోజు అమావాస్య. రాజుకు దగ్గరగా ఉండేవాడు అమాత్యుడు. చీకటి రాత్రికీ మంత్రిగారికీ ఈ చుట్టరికం ఉందని పిల్లలకు చెబితే అమాత్య శబ్దాన్ని ఇక మరచిపోరు. మన పొరుగువాళ్ళు ఈ మాటలను పారేసుకోలేదు. తమిళులు అమాత్యుణ్ణి 'అమైచ్చర్'గా నిలుపుకున్నారు. కన్నడిగులకు కేబినెట్ అంటే 'సచివ సంపుట'. మనం మాత్రం సచివుణ్ణి భవనానికి అప్పగించి 'సచివాలయం'లో బంధించాం. ఇంటికి పేరు మిగిలింది, ఇంటాయన లేడు. తెలుగు గడ్డ మీద మంత్రికి ప్రెగడ అనీ మాట ఉండేది. ఇప్పుడది ఎఱ్ఱాప్రగడ వంటి పేర్లలో మాత్రమే నిలిచింది.

మీ రాష్ట్రానికి సమవాయం అన్న అర్థం ఎంత అతుకుతుందో చూడండి. శాసనసభలో 80 స్థానాలు. 2024 మే 29 ఎన్నికల్లో ఎం.కె. పార్టీకి 37 వచ్చాయి, అందరికంటే ఎక్కువ. అయినా ప్రభుత్వం వాళ్ళది కాలేదు. ఇంకథా పార్టీ 15, ఏ.ఎన్.సి. 14, డెమోక్రటిక్ అలయన్స్ (డి.ఏ.) 11, నేషనల్ ఫ్రీడమ్ పార్టీ 1 కలిపితే 41. జూన్ 14న తామీ న్టూలీ 41-39 తేడాతో ప్రీమియర్‌గా ఎన్నికయ్యారు. ప్రీమియర్ కాక అయిదుగురికి తగ్గకుండా, పదిమందికి మించకుండా సభ్యులు ఉండాలని మీ రాజ్యాంగం 132వ సెక్షన్ అంటుంది. ఆయన పదిమందినీ తీసుకున్నారు. నాలుగు శాఖలు ఇంకథాకు, మూడు ఏ.ఎన్.సి.కి, రెండు డి.ఏ.కు వెళ్ళాయి. ఒక్క స్థానమున్న పార్టీకి సాంఘిక అభివృద్ధి శాఖ దక్కింది.

ఆ ఒక్క స్థానం దగ్గర నాకు సుమతి పద్యం గుర్తుకొచ్చింది.

మంత్రిగలవాని రాజ్యము
తంత్రము సెడకుండ నిలుచుఁ దఱచుగ ధరలో
మంత్రివిహీనుని రాజ్యము
జంత్రపుఁగీ లూడినట్లు జరుగదు సుమతీ!

అందరూ ఈ పద్యాన్ని మంత్రి గొప్పతనం కోసం చదువుతారు. నేను మూడు వంతుల పద్యాన్ని వదిలి 'జంత్రపుఁగీలు' దగ్గర ఆగుతాను. జంత్రం అంటే యంత్రం. రాట్నమో గానుగో ఏదైనా కావచ్చు. కీలు అందులో అతి చిన్నది. బండికి చక్రం ఊడకుండా ఇరుసు చివర కొట్టే సీల చూడండి, బెత్తెడు ఉండదు. చక్రం పెద్దది, ఇరుసు బలమైంది, ఎడ్లు మంచివి. సీల ఊడితే బండి అక్కడే కూలబడుతుంది. కవి మంత్రిని చక్రంతో పోల్చలేదు, ఎడ్లతో పోల్చలేదు. కీలుతో పోల్చాడు. 41లో ఒకటి తీసేస్తే మిగిలేది 40, అవతల 39కి అది చేరితే 40. సభ సగానికి సగం. ఒక్క స్థానమున్న పార్టీ సభ్యురాలు మండలిలో ఎందుకు కూర్చుందో మీ పిల్లలకు ఈ పద్యంతో చెప్పండి.

ఇక 'కార్యనిర్వాహక మండలి' సంగతి. అనువాదం అక్షరాలా సరిపోతుంది. కానీ తెలుగు చరిత్ర తెలిసినవాళ్ళకు అది పొరపాటు దారి చూపిస్తుంది. 1920 తర్వాత మద్రాసు రాజధానిలో ద్వంద్వ ప్రభుత్వం ఉండేది. శాసనసభకు జవాబుదారీగా ఉన్నవాళ్ళను మంత్రులనేవారు. గవర్నరుకు మాత్రమే జవాబు చెప్పేవాళ్ళు ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ సభ్యులు. ఈ రెండు కుర్చీల తేడా స్వయంగా ఎరిగిన తెలుగువాడు కూర్మా వెంకటరెడ్డి నాయుడు. 1920లో మద్రాసులో మంత్రి. 1934లో అక్కడే ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ సభ్యుడు. 1937లో మూడున్నర నెలలు అదే మద్రాసుకు ప్రీమియర్. నడుమ 1929 నుంచి 1932 దాకా ఆయన ఎక్కడున్నారనుకున్నారు? మీ దేశంలోనే, భారత ప్రభుత్వ ఏజెంటుగా. మీ ఆంధ్ర మహాసభ పుట్టిన 1931లో ఆయన అక్కడే ఉన్నారు. మంత్రి, కౌన్సిల్ సభ్యుడు, ప్రీమియర్ అనే మూడు పదవులనూ చేపట్టిన ఆ ఒక్క జీవితం మీ ప్రశ్నకు నిఘంటువు కంటే బాగా జవాబు చెబుతుంది. ఆ రోజుల్లో కౌన్సిల్ సభ్యుడంటే ప్రజల అదుపులో లేనివాడు. మీ ఎం.ఈ.సి. అలా కాదు. 133వ సెక్షన్ ప్రకారం అందరూ కలిసీ ఎవరికి వారూ శాసనసభకు జవాబు చెప్పుకోవాలి. అలాంటివాడికి పాత పేరు తగిలించడం నాకు ఇష్టం లేదు.

మంత్రి అనడంలోనూ చిక్కుంది. మీ దేశంలో మినిస్టరు జాతీయ ప్రభుత్వంలోనే ఉంటాడు. కేబినెట్ అనే మాటను కూడా రాజ్యాంగం అక్కడికే ఉంచింది, జనం వాడుకలో ఎటుపోయినా. ఆరోగ్యానికి ప్రిటోరియాలో మినిస్టరున్నారు, మీ రాష్ట్రంలో ఎం.ఈ.సి. ఉన్నారు. ఇద్దరినీ 'ఆరోగ్య మంత్రి' అంటే పిల్లవాడు ఎవరనుకోవాలి? అక్కడివారిని మంత్రి అనండి, మీవారిని సచివుడు, సచివురాలు అనండి. మండలి సచివమండలి అవుతుంది. మరీ కొత్తగా తోస్తే మొదటిసారి 'సచివులు, అంటే ఎం.ఈ.సి.లు' అని రాసి తర్వాత ముందుకు సాగండి. ప్రీమియర్‌ను ప్రీమియర్ అనే ఉంచినా తప్పులేదు. 1946లో మన ప్రకాశం పంతులుగారు నిర్వహించిన పదవి పేరు అదే. ఇక్కడి ముఖ్యమంత్రి తన సహచరుల పేర్లు చెబితే గవర్నరు నియమిస్తాడు. మీ ప్రీమియర్ తానే నియమిస్తాడు. ఈ భేదం పాఠంలో ఒక వాక్యంగానైనా ఉండాలి.

'బహుజాతి ప్రజాస్వామ్యం' రాయవచ్చు, తప్పనను. 'బహుళజాతి' మాత్రం వద్దు, దాన్ని కంపెనీలు ఎప్పుడో పట్టుకుపోయాయి. అయితే మీ రాజ్యాంగం మొదటి సెక్షన్ 'ఇక్కడ ఎన్నో జాతులున్నాయి' అని చెప్పి ఆగలేదు. జాతిని లెక్కలోకి తీసుకోకూడదని చెప్పింది. ఈ రెండింటి మధ్య మీ దేశపు చరిత్ర మొత్తం ఉంది. 1984లో తెల్లవాళ్ళకొక సభ, కలర్డ్ అనేవాళ్ళకొకటి, భారతీయులకొకటి పెట్టి, ఒక్కో సభకు విడిగా మినిస్టర్స్ కౌన్సిల్ ఏర్పరచారు. నల్లవాళ్ళకు ఏ సభా లేదు. పేరుకు అదీ పలుజాతుల ఏర్పాటే. కాబట్టి నా మొగ్గు 'జాతి ఎంచని ప్రజాస్వామ్యం' వైపు. 'కులం ఎంచడం', 'తప్పులెంచడం' మనకు వాడుకే కనుక 'ఎంచని' అనగానే ఎవరికైనా తెలుస్తుంది. 'జాతిభేదరహిత' అని సమాసం చేయవచ్చు గాని పదేళ్ళ పిల్లల నోట అది తిరగదు.

మీరు అడగని మాట ఒకటి మిగిలింది, దాన్ని వదలలేను. 'ప్రమాణ స్వీకారం చేసింది' అని రాశారు. తప్పు మీది కాదు, ఇక్కడి పత్రికలన్నీ అలాగే రాస్తున్నాయి. ప్రమాణం చేసేది, స్వీకరించేది కాదు. స్వీకరించేది పదవిని. అది పదవీస్వీకార ప్రమాణం. తలను నరికి తోకను ముందుకు తెచ్చారు. వాడుక గట్టిపడింది కనుక పత్రికల్లో దాన్ని మాన్పించడం నా వల్ల కాలేదు, పిల్లల పాఠంలోకైనా రానివ్వకండి. అలాగే 'బెర్తులు దక్కాయి' అని ఇక్కడివాళ్ళు రాస్తుంటారు. రైల్లో పడుకోబోయేవాడికి దొరికేది బెర్తు, ప్రజల పని చేయబోయేవాడికి అప్పగించేది శాఖ.

మీ వాక్యాన్ని ఇలా మార్చి చూడండి: 'ప్రీమియర్ నియమించిన పదిమంది సచివులు న్యాయమూర్తి ఎదుట ప్రమాణం చేసి శాఖలు చేపట్టారు.' మీ అన్నగారికి చదివి వినిపించండి. ఆయన చెవికి ఇంకా ఏదైనా గుచ్చుకుంటే రాయండి, మళ్ళీ ఆలోచిద్దాం.