బకెట్‌కు కొక్కేలు అతికించే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. దుంగలు ఎత్తాల్సి వచ్చినప్పుడల్లా గొలుసును బకెట్ పళ్లకు చుట్టడం, అది జారడం, మళ్లీ చుట్టడంతో విసిగిపోయానని, ట్రాక్టర్ ముందుండే లోడర్ బకెట్ పై అంచుకు మూడు కొక్కేలు వెల్డింగ్ చేయాలనుకుంటున్నానని రాశావు. ఆలోచన బాగుంది. అయితే నువ్వు అడిగిన ప్రశ్నలన్నీ అతుకు గురించే: ఏ రాడ్డు వాడాలి, కరెంటు ఎంత పెట్టాలి, ఎన్ని పొరలు వేయాలి. ఆ కొక్కెం వెనకాల ఏముందన్నది మాత్రం అడగలేదు. నేనూ మొదటిసారి అడగలేదు.

అప్పట్లో లావాటి కొక్కెం ఒకటి తెచ్చి, పై అంచు రేకు మీదే పెట్టి, చుట్టూ నిండుగా అతుకు పోశాను. చల్లారాక సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి చూసి మురిసిపోయాను. నెల తిరక్కుండానే అంచు ముందుకు వంగింది. కొక్కేనికి ఏమీ కాలేదు, అతుకూ చెక్కుచెదరలేదు. అతుకు ముగిసిన చోట రేకులో వెంట్రుకంత చీలిక పుట్టి వేలెడు పొడవు పాకింది. ఆ రేకు ఉన్నది మట్టి ఒలికిపోకుండా ఆపడానికి. అర టన్ను బరువును తీసుకెళ్లి అరచేయంత చోట వేలాడదీస్తే అది మాత్రం ఏం చేస్తుంది?

అందుకని ముందు ప్లేటు సంగతి చూడు. కొక్కెం పాదానికి నాలుగు వైపులా కనీసం మూడేసి వేళ్లు బయటికి వచ్చేలా, 10 మిల్లీమీటర్ల మందం ప్లేటు కోయించు. మూలలను గ్రైండర్‌తో గుండ్రంగా తిప్పు, మొన తేలిన మూల దగ్గరే చీలిక మొదలవుతుంది. ప్లేటును బకెట్‌కు, కొక్కేన్ని ప్లేటుకు అతికించాలి. అలా చేస్తే బరువు పెద్ద చోటికి పరుచుకుంటుంది. నడిమి కొక్కేనికి ఇదీ చాలదు. అంచు మధ్యభాగమే అన్నిటికన్నా మెత్తన కనుక, అక్కడ అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా యాంగిల్ (L ఆకారపు ఇనుప పట్టీ) ఒకటి వేసి, దాని మీద కొక్కెం పెట్టు. యాంగిల్ దొరకకపోతే నడిమి కొక్కెం మానెయ్యి, రెండింటితో పని జరుగుతుంది.

ఆ రెండూ ఎక్కడ పెట్టాలంటే, బకెట్ వెనకవైపు లోడర్ చేతులు వచ్చి తగులుకునే చోటికి సరిగ్గా పైన. నీ ఫొటోలో బకెట్ మూలల మీద సుద్దతో గీతలు గీశావు. అక్కడ వద్దు. మూల కొక్కేనికి బరువు తగిలిస్తే ఒక చెయ్యి మోస్తుంది, రెండోది ఊరుకుంటుంది, మధ్యలో మొత్తం చట్రం మెలిపడుతుంది. ఒకసారి తొందరలో మూలకు గొలుసు తగిలించి చెట్టు మోడు లాగబోయాను. మోడు రాలేదు. ఆ రోజు నుంచి నా బకెట్ నేల మీద సమంగా ఆనదు, ఎడమవైపు బొటనవేలు దూరేంత సందు ఉంటుంది.

కొక్కేల్లో రకాలున్నాయి. నీకు కావలసింది నోరు సన్నగా ఉండి, గొలుసులో ఒక్క లింకును అడ్డంగా పట్టి ఆపేది. దానితో గొలుసును ఎక్కడ కావాలంటే అక్కడ కురచ చేసుకోవచ్చు. నోరు వెడల్పుగా ఉన్న కొక్కెంలో గొలుసు జారుతుంది. ఈ పనికి అది పనికిరాదు. కొక్కెం కొలత, గొలుసు కొలత ఒకటే కావాలి. 10 మిల్లీమీటర్ల కొక్కెంలో 8 మిల్లీమీటర్ల గొలుసు పెడితే పట్టినట్టే కనిపించి జారుతుంది. వెల్డింగ్ కోసమే చేసిన కొక్కెం అడిగి తీసుకో. గొలుసు చివర ఉండే మామూలు కొక్కేన్ని కోసి అతికిస్తే, దానికి కొలిమిలో ఎక్కించిన గట్టిదనం వెల్డింగ్ వేడికి పోతుంది, పైకి మాత్రం ఏ తేడా కనిపించదు. గొలుసు మీద 8 అనో 80 అనో అచ్చు ఉందేమో చూడు. అది గొలుసు బలాన్ని చెప్పే గ్రేడ్. బరువు ఎత్తడానికి గ్రేడ్ 80, లేదా అంతకన్నా పై గ్రేడ్ గొలుసులే వాడాలి. బంగారు రంగు పూతతో వచ్చే గ్రేడ్ 70 లారీ మీద సరుకు బిగించి కట్టడానికి. నీ ఫొటోలో వేలాడుతున్నది అదేనని నా అనుమానం.

ఇక వెల్డింగ్. ముందు బ్యాటరీ తీగలు విప్పు, లేకపోతే బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ పాడయ్యే ప్రమాదం ఉంది. వెల్డింగ్ మిషన్ రెండో తీగ చివర ఉండే ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే, బకెట్‌కే బిగించు. ట్రాక్టర్ చాసిస్‌కు బిగిస్తే కరెంటు పిన్నుల గుండా, బుష్‌ల గుండా, హైడ్రాలిక్ సిలిండర్ల గుండా దారి వెతుక్కుంటూ పోతుంది. పోయిన చోటల్లా నిప్పురవ్వ పుట్టి మెరుగు దెబ్బతింటుంది. పెయింటు, తుప్పు గీకి లోహం తళుక్కుమనే దాకా గ్రైండర్ పట్టు. 7018 రకం వెల్డింగ్ రాడ్డు వాడు, కానీ అది చెమ్మ పీల్చిందైతే అతుకులో పగుళ్లు వస్తాయి. నెలల తరబడి షెడ్డులో తెరిచి పెట్టిన డబ్బాలోంచి తీయొద్దు. మంటను మందమైన ప్లేటు వైపు ఎక్కువ నిలిపి, పల్చని రేకు వైపు తక్కువ తిప్పు. ఒక పక్క కాసేపు, ఎదురు పక్క కాసేపు వేస్తే రేకు వంకర పోదు. నీళ్లు మాత్రం పోయొద్దు, దానంతట అదే చల్లారనీ.

అతుకు మొత్తం వేసేయకముందు చేయాల్సినది ఒకటుంది. కొక్కెం నిలిచేంత మేర నాలుగు అతుకు చుక్కలు మాత్రం వేసి, బ్యాటరీ తిరిగి కలిపి, గొలుసు తగిలించి, బకెట్‌ను పూర్తిగా పైకెత్తి వెనక్కి మడిచి చూడు, తర్వాత పూర్తిగా కిందికి వంచి చూడు. కొక్కెం బానెట్‌కు తగులుతోందా? వంచినప్పుడు గొలుసు వదులై నోట్లోంచి ఊడుతోందా? ఈ రకం కొక్కేలకు సాధారణంగా నోరు మూసే నాలుక ఉండదు, గొలుసు బిగువుగా ఉన్నంతసేపే పట్టు. నోరు ఎటు తిప్పాలో కాగితం మీద తేలదు, ఇలా కదిపి చూస్తేనే తెలుస్తుంది. చుక్కలనైతే గ్రైండర్‌తో లేపి తిప్పుకోవచ్చు, మళ్లీ వెల్డింగ్‌కు కూర్చునేటప్పుడు బ్యాటరీ విప్పడం మరవకు.

వెల్డింగ్ వద్దనుకుంటే బోల్టులతోనూ బిగించవచ్చు. అంచు లోపల బోలుగా ఉన్న పెట్టెలాంటిదైతే, బిగించే కొద్దీ అది నొక్కుకుపోతుంది. బోల్టు తొడిగే రంధ్రంలో ముందుగా చిన్న గొట్టం ముక్క దూర్చాలి.

వాడకంలో ఎక్కువమంది మోసపోయేది కోణం దగ్గర. 500 కిలోల దుంగను రెండు గొలుసులతో నిలువుగా ఎత్తితే ఒక్కోదాని మీద 250 కిలోలు పడుతుంది. గొలుసులు వాలి నేలతో 45 డిగ్రీలు చేస్తే ఒక్కోదాని మీద దాదాపు 354 కిలోలు. 30 డిగ్రీలకు దిగితే ఒక్కోటి మొత్తం 500 కిలోల లాగుడూ భరించాలి. బరువు మారలేదు, కొక్కేన్ని పక్కకు పీకే బలం మాత్రం పెరిగింది. 60 డిగ్రీల కన్నా పడుకోనివ్వకు. లోడర్ ఎంత ఎత్తగలదో పుస్తకంలో రాసినది చాలాసార్లు బకెట్‌ను చేతులకు కలిపే పిన్ను దగ్గర లెక్క. అక్కడి నుంచి ముందుకు జరిగే కొద్దీ అది తగ్గుతుంది. బకెట్‌కు గొలుసు తగిలించొద్దని కొన్ని కంపెనీల పుస్తకాల్లో స్పష్టంగానే ఉంటుంది, నీ ట్రాక్టర్ పుస్తకంలో ఆ పేజీ ముందు చదువు.

ట్రాక్టర్ వెనక బరువు కట్టకుండా దుంగ ఎత్తకు. ఎత్తాక నేలకు మూరెడు ఎత్తులోనే నడుపు. దుంగ ఊగుతోందని పక్కన మనిషిని పెట్టి చేత్తో పట్టించకు, తాడు కట్టి దూరం నుంచి పట్టించు. మోడు లాగాలనిపిస్తే ట్రాక్టర్ వెనక లాగడానికి ఉండే కడ్డీకి, అంటే డ్రాబార్‌కు కట్టు, ఈ కొక్కేల జోలికి వెళ్లకు.

మొదటి వారం రోజూ సాయంత్రం ప్లేటు అంచుల వెంట పెయింటు చూడు. లోహం చీలకముందు పెయింటులో సన్నని గీత కనిపిస్తుంది. అన్నట్టు, నీ రెండో ఫొటోలో కుడిచేతి వైపు, చెయ్యి తగులుకునే చోటికి పైనే పాత అతుకు ఒకటి కనిపిస్తోంది. ఎవరు వేశారో, ఎందుకు వేశారో కనుక్కో. గ్రైండర్‌తో అక్కడి పెయింటు తీసి, దగ్గర నుంచి ఇంకో ఫొటో పంపు. అది చూసేదాకా ప్లేట్లు కోయించకు.

ఇట్లు,
మామయ్య