నోటిఫికేషన్‌కి ముందు నైట్రోజన్ సంగతి చూసుకో

అమ్మాయీ, ఆశీస్సులు.

స్ట్రక్చరల్ బయాలజీకి, అంటే ప్రోటీన్ల లాంటి అణువుల ఆకారాలు తేల్చే శాస్త్రానికి, సీనియర్ ప్రొఫెసర్ పోస్టు వచ్చిందని, నోటిఫికేషన్ రాయడానికి కూర్చున్నానని రాశావు. సంతోషం. ముందు కిందికి దిగి, ల్యాబ్‌లో శాంపిళ్ళని అతిచల్లగా దాచే లిక్విడ్ నైట్రోజన్ పాత్ర, అదే డ్యూవర్, చూసి రా.

ఎందుకంటే, నేను పనిచేసిన ఒక చోటికి విదేశం నుంచి ఒక పెద్దాయన్ని బతిమాలి తెచ్చుకున్నాం. జీతం గురించి ఆయన పేచీ పెట్టలేదు. దసరా సెలవుల్లో నైట్రోజన్ బండి రాలేదు, పాత బిల్లు పాస్ కాలేదట. సెలవులయ్యాక ఆయన డ్యూవర్ మూత తీశాడు. రావాల్సిన తెల్లటి పొగ రాలేదు, నైట్రోజన్ అంతా ఆవిరైపోయింది. ఆ చలి లేకపోతే పాడైపోయే శాంపిల్ గ్రిడ్లు, ఏడు నెలలవన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు, మూత మెల్లగా పెట్టేశాడు. అప్పుడే అనుకున్నాను, ఈయన నిలవడని. వేసవికల్లా వెళ్ళిపోయాడు. 'ఆయనకి ఇక్కడ పడలేదు' అని మేం సర్దిచెప్పుకున్నాం.

యూజీసీ 2018 నిబంధనల్లో సీనియర్ ప్రొఫెసర్ మూలవేతనం 1,82,200 దగ్గర మొదలవుతుంది. అందులో నువ్వు బేరమాడేదేం లేదు. అసలు ఈ రంగంలో వాళ్ళు జీతం చూసే కదులుతారనుకోకు. నోబెల్ అందుకున్న వెంకీ రామకృష్ణన్ 1999లో అమెరికాలోని యూటా వదిలి కేంబ్రిడ్జ్ వెళ్ళింది తక్కువ జీతానికే. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ని పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చోనిచ్చే చోటు అది. నువ్వు ఇవ్వగలిగింది ఆగని కరెంటు, ఒక మంచి టెక్నీషియన్, మొదటి రోజుకే తాళం చెవులతో సహా సిద్ధంగా ఉన్న గదులు.

గడ్డకట్టించిన శాంపిళ్ళని చూసే 300 కిలోవోల్టుల క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కొంటామని మాత్రం ఆశపెట్టకు. అది పదుల కోట్ల మాట. శాంపిల్ ఇక్కడ తయారుచేసి, డేటాకి బెంగళూరులోని జాతీయ క్రయో మైక్రోస్కోప్ కేంద్రానికో, క్రిస్టల్స్ అయితే ఎక్స్-రేల కోసం ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌కో వెళ్ళి రాగలరా అని ముందే అడుగు. మొహం చిట్లించే వాళ్ళతో అక్కడే తేలిపోతుంది.

సీవీలో ఎనభై స్ట్రక్చర్లు కనపడితే మురిసిపోకు. తేల్చిన స్ట్రక్చర్లన్నీ దాచే ప్రోటీన్ డేటా బ్యాంక్ అందరికీ తెరిచే ఉంటుంది. ఈ ఐదేళ్ళలో పెట్టినవి నాలుగు తీసి, స్ట్రక్చర్ డేటాకి ఎంత సరిపోయిందో చెప్పే వాలిడేషన్ రిపోర్టు చదువు. లిగండ్, అంటే ప్రోటీన్‌కి అతుక్కునే చిన్న అణువు, ఉందని పేపర్లో రాసిన చోట, డేటా నుంచి గీసిన మ్యాప్‌లో దాని ఆనవాలు (డెన్సిటీ) నిజంగా ఉందా, చూడాలనుకుని చూశారా? నేనైతే ఒక అభ్యర్థిని అక్కడే వదిలేశాను. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రాం వచ్చాక చాలా ప్రోటీన్ల ఆకారం ముందే ఊహించి చెబుతోంది కాబట్టి, 'ఆకారం తెలిశాక ఏం చేస్తారు?' అన్న ప్రశ్న ఇంటర్వ్యూలో తప్పకుండా రావాలి. సెలక్షన్ కమిటీకి వచ్చే బయటి నిపుణుల చెవిన ఈ మాట వెయ్యి.

సెమినార్ అయ్యాక అభ్యర్థిని వీసీ గారి లంచ్‌కి లాక్కెళ్ళకు. పీహెచ్‌డీ పిల్లలతో క్యాంటీన్‌కి పంపు, నువ్వు వెళ్ళకు. ఎవరు ఎక్కువ మాట్లాడారో సాయంత్రం పిల్లల్ని అడుగు. ఇంట్లోవాళ్ళ ఉద్యోగం, పిల్లల స్కూలు గురించి ఆయనో ఆవిడో మొహమాటంతో ఎత్తరు, నువ్వే ఎత్తాలి.

రేపే ఇంజినీరింగ్ సెక్షన్‌కి వెళ్ళి, ఆ బిల్డింగ్ జనరేటర్ ఎన్ని కేవీఏనో, కరెంటు పోయాక ఎన్ని సెకన్లకి అందుకుంటుందో కనుక్కుని నాకు రాయి. నోటిఫికేషన్ ముసాయిదా ఆ తర్వాత చూద్దాం.