హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విమానంలో ఎంతసేపు పడుతుంది?

శంషాబాద్ నుంచి దుబాయ్ ఎయిర్‌పోర్టుకి నేరుగా గీత గీస్తే దాదాపు 2,550 కిలోమీటర్లు. డైరెక్ట్ ఫ్లైట్‌లో వెళ్లేటప్పుడు సుమారు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు ఓ అరగంట తక్కువ పడుతుంది.

గంటకు 850 కిలోమీటర్ల వేగమంటే మూడు గంటలే కావాలి కదా అని లెక్క వేస్తారు చాలామంది. కానీ టికెట్ మీది టైములో రన్‌వే దాకా మెల్లగా నడిచేది, పైకెక్కేది, దిగేది అన్నీ కలిసే ఉంటాయి. పైగా విమానం తిన్నగా గీత మీద పోదు. ఇక రానుపోను తేడాకి కారణం గాలి. ఆ ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకి బలంగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోపు.

అసలు తికమక గడియారంతోనే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఉదయం 10:00కి ఇక్కడ ఎక్కితే అక్కడ దిగేసరికి 12:30 అని టికెట్‌లో కనిపిస్తుంది, రెండున్నర గంటలే అనుకోకండి! తిరుగు ప్రయాణంలో రాత్రి 10:00కి బయల్దేరితే ఇక్కడ తెల్లవారుజామున 3:00 అవుతుంది, తారీఖు కూడా మారిపోతుంది. మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్లడానికి ఎయిర్‌పోర్టుకి వచ్చేవాళ్లకి ఆ మారిన తారీఖే చెప్పండి.