ఆయనకి పక్షులు, నాకు చేపలు: ఏ నెలలో వెళ్లాలి?

ప్రశ్న: మా వారికి పక్షుల పిచ్చి. నాకేమో స్నార్కెలింగ్ (మాస్క్, గాలిగొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ లోపలికి చూడటం) చేయాలని ఎప్పటి నుంచో కోరిక, ఈత మాత్రం అంతంతే. ఆస్ట్రేలియా తూర్పు తీరానికి అవతల సముద్రంలో ఉన్న లార్డ్ హౌ ద్వీపం అయితే ఇద్దరికీ సరిపోతుందంటున్నారు. ఆయన చలికాలం (ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు) అంటారు, నేను ఎండాకాలం కదా అని డిసెంబర్ అంటాను. మీరే తేల్చండి.
– ఒక పాఠకురాలు, సిడ్నీ

జవాబు: ఇద్దరి మాటా వద్దు. మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో వెళ్లండి.

చలికాలం అన్నారంటే మీ వారి కన్ను ప్రావిడెన్స్ పెట్రెల్ అనే సముద్రపు పక్షి మీద ఉంది. ఆయన్ని తప్పుపట్టలేను. ఈ జాతి దాదాపు మొత్తం గుడ్లు పెట్టేది ఆ ద్వీపం కొండల మీదే. మౌంట్ గోవర్ పైన నిలబడి గట్టిగా కేక పెడితే చాలు, ఆకాశంలో తిరుగుతున్నవి వచ్చి మీ కాళ్ల దగ్గర దబ్బున పడతాయి. మనిషంటే భయం లేదు. ఆ భయం లేకపోవడమే ఒకప్పుడు వాటి కొంప ముంచింది. 1790లో నార్ఫోక్ దీవిలో (అప్పట్లో బ్రిటిష్ ఖైదీల స్థావరం) తిండి లేక అల్లాడిన ఖైదీలు, సైనికులు వీటిని లక్షకు పైగా చంపి తిన్నారు. కొన్నేళ్లకే అక్కడ ఇవి లేకుండా పోయాయి. లార్డ్ హౌకి మార్చిలోనే రావడం మొదలుపెడతాయి కాబట్టి చలికాలం దాకా ఆగక్కర్లేదు.

అయితే గోవర్ ఎత్తు 875 మీటర్లు. రానూపోనూ ఎనిమిది గంటలు పడుతుంది, కొన్నిచోట్ల తాడు పట్టుకుని ఎక్కాలి, లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా వెళ్లనివ్వరు. మోకాళ్ల నొప్పులుంటే మొండికెయ్యొద్దని మీ వారికి గట్టిగా చెప్పండి. ఉత్తరాన మలబార్ కొండ అంచుకి నడిచినా ఎర్రతోక ట్రాపిక్‌బర్డ్‌లు అనే సముద్రపు పక్షులు దొరుకుతాయి, ఫొటోలకి అదే మేలు.

ఇక మీ సంగతి. డిసెంబర్‌లోనూ నీళ్లు బాగానే ఉంటాయి, కానీ సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. వేసవి చివరికి వచ్చిన వెచ్చదనం ఏప్రిల్‌లోనూ మిగిలే ఉంటుంది. ప్రపంచంలో బాగా దక్షిణాన ఉన్న పగడపు దిబ్బ ఇక్కడిదే. ద్వీపం చూస్తే సుమారు 70 లక్షల ఏళ్ల నాటి అగ్నిపర్వతంలో అరిగిపోగా మిగిలిన ముక్క. ఈత రాదని టెన్షన్ పడకండి. నెడ్స్ బీచ్‌లో మోకాలి లోతు నీళ్లలో నిలబడితే చేపలే వచ్చి పిక్కలకి రాసుకుంటాయి. రొట్టె ముక్కలు మాత్రం వేయకండి. మాస్క్ పెట్టుకుని నడుం లోతుకి వెళితే పగడాలు కనిపిస్తాయి. అదృష్టం బాగుంటే మెక్‌కలక్ ఎనిమోన్ చేప కూడా కనిపిస్తుంది: నల్లటి ఒళ్లు, తెల్లటి తోక. ఈ చుట్టుపక్కల దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. పల్చటి వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే ఈత రబ్బరు దుస్తులు) వేసుకోండి, చలికి కూడా, తేలడానికి కూడా. అల పెద్దగా ఉన్న రోజు పడమటి వైపు లగూన్‌కి (పగడపు దిబ్బకీ ఒడ్డుకీ మధ్య నీళ్లు) వెళ్లండి. అక్కడ దిబ్బ అడ్డం ఉంటుంది.

నెడ్స్ బీచ్ నుంచి సాయంత్రం త్వరగా వచ్చేయకండి. చీకటి పడే వేళ షియర్‌వాటర్లు (అక్కడివాళ్లు మటన్‌బర్డ్ అంటారు) సముద్రం మీద నుంచి గూళ్లకి తిరిగొస్తాయి. గాల్లో అంత నాజూగ్గా తేలే పక్షి నేల మీద దిగడం చూడాలి! పొట్ట మీద పడి, రెండు పల్టీలు కొట్టి, లేచి ఏమీ జరగనట్టు తాటిజాతి చెట్ల కిందున్న బొరియ వైపు తప్పటడుగులతో వెళ్లిపోతుంది. టార్చ్ నేరుగా వాటి మీద వేయకండి, బొరియల మీద అడుగు వేయకండి. మన ప్లాస్టిక్‌ని తిండి అనుకుని పిల్లల నోట్లో పెడుతున్న పక్షులివి. చచ్చిన పిల్లల కడుపుల్లో సీసా మూతల ముక్కలు దొరుకుతున్నాయి.

వుడ్‌హెన్ కోసం వెతకనే అక్కర్లేదు. దారి పక్కన ఆకులు కెలుక్కుంటూ అదే ఎదురొస్తుంది. ఎగరలేని ఈ పక్షులు 1970ల్లో ముప్పై దాకా మిగిలాయి. 2019లో ఎలుకల్ని ఏరేసే పని పెట్టుకున్నాక వెయ్యి దాటాయి. ఆ ఎలుకలు 1918లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన మకాంబో అనే ఓడలోంచి దిగాయి. అవి దిగిన కొన్నేళ్లలోనే ఐదు జాతుల పక్షులు మాయమయ్యాయి. అందుకే బూట్ల అడుగున మట్టి, గింజలు లేకుండా కడిగి వెళ్లండి, బ్యాగు తనిఖీ చేస్తే చిరాకు పడకండి.

ముందుగా గది చూసుకోండి. ఒకేసారి 400 మంది సందర్శకుల్నే ఉండనిస్తారు, ఆ గీత దాటరు.

ప్రశ్న: అక్కడ కారు అద్దెకి దొరుకుతుందా? – అదే పాఠకురాలి భర్త

జవాబు: కారెందుకండీ! ద్వీపం పొడవు పదకొండు కిలోమీటర్లు, వేగ పరిమితి గంటకి 25 కిలోమీటర్లు. సైకిల్ తీసుకోండి. ఎండాకాలం కోసం ముందుకి జరిపిన గడియారాల్ని ఏప్రిల్ మొదట్లో వెనక్కి తిప్పాక ద్వీపం టైము సిడ్నీకి అరగంట ముందుంటుంది, తిరుగు విమానం రోజున అది చూసుకోండి.