పోపు వాసన పట్టుకుని వెళ్తే దొరికిన షియాన్ నూడుల్స్

చైనాలో తిరిగేటప్పుడు అనుకోకుండా దొరికి, ఇప్పటికీ మర్చిపోలేని నూడుల్స్ ఏవి, వాటిలో మాంసం లేనివి ఉంటాయా అని అడిగారు కదా. నా వరకు ఒక్కటే జవాబు: షియాన్‌లో తిన్న యో పో బియాంగ్‌బియాంగ్ మియెన్, అంటే కారం మీద మరిగే నూనె పోసి ఇచ్చే వెడల్పాటి నూడుల్స్. మేం తిన్నదాంట్లో మాంసం లేదు, గుడ్డు కూడా లేదు.

మేం అక్కడికి వెళ్లింది మట్టి సైనికుల్ని (టెర్రకోటా ఆర్మీ అంటారే, ఆ పాత మట్టి బొమ్మల సైన్యాన్ని) చూడటానికి. మా అమ్మ శాకాహారి. అప్పటికి నాలుగు రోజులుగా అరటిపళ్లు, బ్రెడ్డు, ఇంటి నుంచి పట్టుకెళ్లిన కందిపొడితో తెల్లన్నం, వీటితోనే నెట్టుకొస్తోంది, ఆవిడ సరిగ్గా తినట్లేదని నాకు ఒకటే టెన్షన్. ఒక సాయంత్రం దక్షిణ ద్వారం దగ్గర కోట గోడ దిగి (చుట్టూ తిరిగితే దాదాపు 14 కిలోమీటర్లు, మేం నడిచింది కొంచెమే) పక్క సందులోంచి వస్తుంటే అమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఎవరో పోపు పెడుతున్నారే" అంది. నిజంగానే చుయ్‌మని చప్పుడు, వెనకే మిరపకారం, వెల్లుల్లి నూనెలో వేగిన ఘాటు. ఆ వాసన పట్టుకునే ఆ చిన్న హోటల్లోకి వెళ్లాం.

నూడుల్స్ చేసేది అందరికీ కనిపించేలా ముందే ఒక బల్ల ఉంది. బాగా నానిన పిండి ముద్దని కర్రతో పట్టీలా వత్తి, మధ్యలో పొడుగునా ఒక గాడి నొక్కి, రెండు కొసలూ పట్టుకుని సాగదీస్తూ బల్లకేసి కొడుతున్నాడాయన. ఆ చప్పుడు నుంచే బియాంగ్ అన్న పేరొచ్చిందని చెబుతారు. సాగాక గాడి దగ్గర చీల్చి మరిగే నీళ్లలో వేశాడు. ఉడికినవాటిని గిన్నెలో ఆకుకూర, మొలకలు, సోయా సాస్, వెనిగర్‌తో కలిపి, పైన కారం, ఉల్లికాడలు, వెల్లుల్లి తరుగు కుప్పగా పెట్టి, పొగలు కక్కే నూనె సరిగ్గా ఆ కుప్ప మీద పోశాడు. అమ్మ విన్న చప్పుడు అదే. ఆవాలు లేవు, కరివేపాకు లేదు, అయినా పద్ధతి మనదే అనిపించింది.

షియాన్ ఉన్న షాన్షీ ప్రాంతపు వింతలంటూ అక్కడివాళ్లు వరసగా చెప్పుకునే మాటల్లో నూడుల్స్ బెల్టులంత ఉంటాయని, గిన్నెకీ బేసిన్‌కీ తేడా తెలియదని, నూనె పోసిన కారమే ఒక కూర అని ఉంటుంది. ఆ మూడూ మాకు ఒక్క గిన్నెలోనే కనబడ్డాయి. ఒక్కో నూడుల్ రెండు మూడు వేళ్ల వెడల్పు, పంటికి కాస్త సాగుతుంది. అక్కడి మిరప మన గుంటూరు కారంలా మంట పెట్టదు, వాసనే ఎక్కువ, అందుకే అంత కారం వేసినా తినగలిగాం. వచ్చిన వెంటనే అడుగు నుంచి బాగా కలిపి వేడివేడిగా తినాలి, ఆలస్యం చేస్తే ముద్దైపోతుంది. పక్క బల్ల దగ్గర వాళ్లు పచ్చి వెల్లుల్లి రెబ్బలు ఒలిచి నంజుకుంటుంటే, మన పల్లెల్లో పచ్చి ఉల్లిపాయ నంజుకోవడం గుర్తొచ్చింది. టమాటా గుడ్డు, మాంసం కూర అన్నీ కలిపి ఇచ్చే రకం కూడా మర్నాడు నేను తిన్నాను. బాగానే ఉంది గానీ నూనె పోసిన కారం రుచి అందులో అణిగిపోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు ఉత్త యో పో రకమే తినాలని నా గట్టి అభిప్రాయం.

శాకాహారులైతే ముందే "బు యావ్ రో" (మాంసం వద్దు) అని చెప్పండి, కొన్నిచోట్ల అలవాటుగా ఒక గరిటె మాంసం కూర వేసేస్తారు. బియాంగ్ అన్న అక్షరానికి 50కి పైగా గీతలు, యూనికోడ్‌లోకి (ఫోన్లు, కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టికలోకి) వచ్చిందే 2020లో, కాబట్టి ఫోన్‌లో టైప్ చేసి వెతికేకన్నా బోర్డు మీద గీతలన్నీ ఇరుక్కుపోయిన ఆ అక్షరం కోసం చూడటమే తేలిక.

ఇంకోటి, తిన్నాక నూడుల్స్ ఉడికించిన నీళ్లు కూడా అడగండి, మియెన్ తాంగ్ అంటే ఇస్తారు. తెల్లగా, వేడిగా, ఉప్పు కూడా లేకుండా ఉంటాయి. అమ్మ ఒక గుక్క తాగి "ఇది గంజే కదే" అని గిన్నె మొత్తం ఖాళీ చేసింది. హోటల్ ఆవిడ అది చూసి, అడక్కుండానే మళ్లీ నింపింది.