ఆంగ్లికన్ చర్చి ఎందుకు చీలిపోతోంది?

పైకి స్వలింగ వివాహాల గొడవలా కనిపిస్తుంది కానీ, అసలు తగువు బైబిల్‌కి అర్థం చెప్పేదెవరు అన్నది. ఇంగ్లండ్ చర్చి నుంచి పుట్టి దేశదేశాల్లో ఉన్న చర్చిల కుటుంబం ఇది. దీని పెద్ద, ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌కి పోప్‌లా ఆజ్ఞాపించే అధికారం లేదు. ఇంటిపెద్ద హోదా, అంతే. (మన సీఎస్‌ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా కూడా ఈ కుటుంబంలోదే.)

2003లో అమెరికాలో జీన్ రాబిన్‌సన్ అనే గే వ్యక్తిని బిషప్‌ని చేయడంతో నైజీరియా, ఉగాండా చర్చిలు భగ్గుమన్నాయి. 2008లో జెరూసలేంలో గాఫ్‌కాన్ అనే సంప్రదాయవాదుల కూటమి, మరుసటేడు ఉత్తర అమెరికాలో పోటీ చర్చి పుట్టాయి. ఆ తర్వాత మామూలే, ఆస్తి కేసులు. అమెరికాలోని వర్జీనియాలో ‘ది ఫాల్స్ చర్చ్’ అనే చర్చిలో ఎక్కువమంది విడిపోతామని ఓటేశారు. కోర్టు మాత్రం భవనాన్ని పాత డయోసిస్‌కే (బిషప్ కింద ఉండే చర్చిల పాలనా విభాగానికే) ఇచ్చింది. 2012లో వాళ్లు తరాలుగా ప్రార్థించిన గుడినే ఖాళీ చేయాల్సి వచ్చింది.

2023లో ఇంగ్లండ్ చర్చి సినడ్ (పాలకసభ) స్వలింగ జంటలకు ఆశీర్వాదాలు ఒప్పుకుంది. రెండు నెలలకే రువాండా రాజధాని కిగాలీలో గాఫ్‌కాన్ కాంటర్‌బరీ పెద్దరికం మాకొద్దు అనేసింది.