'మండలాధీశుడు' కోసం గాంధీనగర్ మెట్లెక్కిన రోజులు

1987 నాటి 'మండలాధీశుడు' చిత్రాన్ని ఎలా వెతికి పట్టుకోవాలి, ఆ కాలం తెలియని వారికి అందులోని వ్యంగ్యం అందుతుందా అని మీరు అడిగారు. నేను విజయవాడలో పెరిగినవాణ్ణి, ఆ సినిమా కోసం కొన్ని నెలలు తిరిగినవాణ్ణి కూడా కాబట్టి నాకు తెలిసినది చెబుతాను.

మా ఇంట్లో ఆ పేరెత్తడానికి వీలుండేది కాదు. ఎన్టీ రామారావు గారిని మా పెదనాన్న 'అన్నగారు' అని తప్ప మరో మాటతో పిలిచి ఎరుగరు. అటువంటి అన్నగారు ముఖ్యమంత్రి పదవిలో ఉండగానే ఆయనను వెక్కిరిస్తూ ఎం. ప్రభాకరరెడ్డి గారు తీసిన చిత్రమిది. ఆ వేషం కట్టినది మన పక్కనున్న కంకిపాడులో పుట్టిన కోట శ్రీనివాసరావు గారే. ఈ పాత్ర వేసినందుకు విజయవాడ రైల్వే స్టేషనులో అభిమానులు తన మీద చెయ్యి చేసుకున్నారని ఆయనే తరువాత ఇంటర్వ్యూలలో చెప్పుకున్నారు.

నేను వెతకడం మొదలుపెట్టే నాటికి 90లు సగం గడిచాయి. గాంధీనగర్‌లోని డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల మెట్లెక్కి అడిగితే ఒకరు నవ్వి ఊరుకున్నారు, మరొకరు 'ఎందుకు బాబూ నీకు?' అన్నారు. చివరికి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల గుట్టలో దొరికిన ఒక సినిమా వారపత్రికలోని ప్రకటనను చించుకుపోయి గవర్నరుపేటలోని ఒక క్యాసెట్ల షాపాయనకు చూపించాను. ఆయన పేరు చదవలేదు గానీ, బొమ్మ చూడగానే లోపలికి వెళ్ళి, 'కోట కామెడీ' అని బాల్‌పెన్నుతో రాసిన చీటీ అంటించిన క్యాసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టారు. అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లో పెడితే బొమ్మ అడుగున గీతలు పాకుతూనే ఉన్నాయి. ఆ గీతల మధ్యనే కాషాయ వస్త్రాలు, ఆ నిలువెత్తు గాంభీర్యం కనిపించాయి. ఆ రోజు గుమ్మం దాటి లోపలికి రానన్న పెదనాన్న, గుమ్మంలోనే నిలబడి అరగంట చూసి, 'గొంతు పట్టేశాడురా వీడు' అని విసురుగా వెళ్ళిపోయారు.

నా లెక్కలో ఆ చిత్రానికి అంతకు మించిన సమీక్ష లేదు. కోట గారు అనుకరించినది గొంతును మాత్రమే కాదు. గ్రాంథికపు సమాసాన్ని సాగదీసి, ఎక్కడ ఊపిరి తీసుకుంటే సభ చప్పట్లు కొడుతుందో అక్కడే ఆగడాన్ని కూడా ఆయన పట్టుకున్నారు. బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఏళ్ళ తరబడి నాటకాలాడిన మనిషికి ఆ విరుపు తెలియకుండా ఉంటుందా? అదే సంవత్సరం వచ్చిన 'అహ నా పెళ్ళంట'లోని పిసినారిని పక్కన పెట్టి చూస్తే ఆయన విస్తృతి తెలుస్తుంది. అయితే సినిమా మొత్తం ఆ స్థాయిలో నడవదు, వ్యంగ్యం పోయి ఉత్త దెప్పిపొడుపు మిగిలిన చోట్లున్నాయి.

చూసే ముందు కొంత చరిత్ర తెలిసి ఉండాలి. 1983లో రామారావు గారిని అధికారానికి తెచ్చిన ప్రచార వాహనం చైతన్యరథం, కిలో 2 రూపాయల బియ్యం, 1985లో తాలూకాల స్థానంలో వచ్చిన మండలాలు మనసులో లేకపోతే ఆ పేరులోని చమత్కారమే జారిపోతుంది. మండలాధీశుడంటే పురాణంలోని చక్రవర్తి అనీ అనిపిస్తుంది, కొత్తగా గీసిన మండలాలకు ఏలిక అనీ అనిపిస్తుంది. తెర మీద కృష్ణుడుగా, దుర్యోధనుడుగా వెలిగిన మనిషికి ఇంతకంటె గురి చూసి పెట్టిన పేరు నాకు తట్టడం లేదు.

ఇప్పుడు నెట్‌లో వెతకదలిస్తే ముందు తెలుగు లిపిలోనే వెతకండి. ఇంగ్లీషు అక్షరాలలో ఆ 'ధీ'ని ఒకరు డి ఒక్కదానితో, మరొకరు డి హెచ్‌తో, పైన ఐతో ఒకరు, రెండు ఈలతో ఒకరు రాస్తారు గనుక అన్ని విధాలా ప్రయత్నించాలి. అప్పటికీ దొరకకపోతే సినిమా పేరు వదిలి, కోట గారి పేరు, 1987 అనే సంవత్సరం కలిపి చూడండి. నా క్యాసెట్టు లాగే అది వేరే చీటీ కింద ఉండవచ్చు.